భిలాయిలో ఆనర్స్ డిగ్రీ: నాలుగో ఏడాది చదవాలా, మూడేళ్లకే ఆపాలా?

భిలాయి ఉక్కు కర్మాగారం కోసం 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. 1959లో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ మొదలైంది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుంచి ఉపాధి కోసం వెళ్లిన తెలుగువారు ఆ టౌన్‌షిప్ సెక్టార్లలో స్థిరపడ్డారు. వారి మూడో తరం ఇప్పుడు డిగ్రీ చదువుతోంది. తాతలకు, తండ్రులకు తెలిసిన డిగ్రీ మూడేళ్లది, ఏడాదికోసారి పరీక్షలు ఉండేది. పిల్లలు చదువుతున్నది సెమిస్టర్లు, క్రెడిట్లు, నాలుగో ఏడాది ఆనర్స్‌తో కూడిన డిగ్రీ. ‘ఇంకో ఏడాది చదివించాలా, మూడేళ్లకే ఆపి పీజీకి పంపాలా’ అన్న ప్రశ్న చాలా ఇళ్లలో ఎదురవుతోంది. దానికి సమాధానం నిబంధనల్లోనే ఉంది.

ఎవరి పరిధిలో ఏది?

భిలాయి, దుర్గ్ జంట పట్టణాల్లోని సాధారణ డిగ్రీ కళాశాలలు ఒకప్పుడు రాయ్‌పూర్‌లోని పండిట్ రవిశంకర్ శుక్లా విశ్వవిద్యాలయం కింద ఉండేవి. 2015లో దుర్గ్‌లో ప్రత్యేక విశ్వవిద్యాలయం ఏర్పాటయ్యాక దాని పరిధిలోకి వచ్చాయి. ఆ సంస్థే నేటి హేమ్‌చంద్ యాదవ్ విశ్వవిద్యాలయం. బీఏ, బీఎస్సీ, బీకాం విద్యార్థులకు డిగ్రీ ఇచ్చేది ఇదే. ఇంజినీరింగ్ కళాశాలలు భిలాయిలోనే ఉన్న ఛత్తీస్‌గఢ్ స్వామి వివేకానంద సాంకేతిక విశ్వవిద్యాలయం కిందికి వస్తాయి. 2016లో మొదలైన ఐఐటీ భిలాయికి సొంత నియమావళి ఉంది.

జాతీయ విద్యా విధానానికి అనుగుణంగా యూజీసీ 2022 డిసెంబరులో డిగ్రీ కోర్సులకు కొత్త పాఠ్యప్రణాళిక, క్రెడిట్ చట్రాన్ని ప్రకటించింది. ఛత్తీస్‌గఢ్‌లో కొన్ని స్వయంప్రతిపత్తి కళాశాలలు ముందే ఆ దారి పట్టగా, రాష్ట్రవ్యాప్తంగా 2024-25 విద్యా సంవత్సరం నుంచి అమలైంది. అంటే ఆ ఏడాది చేరిన విద్యార్థులు 2027లో మూడో ఏడాది ముగించి, నాలుగో ఏడాదిపై నిర్ణయం తీసుకోవాల్సి ఉంటుంది.

ఆనర్స్ అర్థం మారింది

పాత రోజుల్లో ఆనర్స్ అంటే ఒకే సబ్జెక్టును లోతుగా చదివే మూడేళ్ల డిగ్రీ. ఢిల్లీ, కోల్‌కతా విశ్వవిద్యాలయాల్లో దశాబ్దాలుగా అదే అర్థం. కొత్త చట్రంలో మూడేళ్లు చదివితే వచ్చేది మామూలు డిగ్రీ మాత్రమే. ఆనర్స్ అన్న మాట సర్టిఫికెట్‌పై రావాలంటే నాలుగేళ్లు, ఎనిమిది సెమిస్టర్లు పూర్తి చేయాలి. ఈ నాలుగేళ్ల డిగ్రీలోనూ రెండు రకాలున్నాయి: ఆనర్స్, పరిశోధనతో కూడిన ఆనర్స్.

క్రెడిట్ల లెక్క

తరగతి గదిలో 15 గంటల బోధనకు ఒక క్రెడిట్. ప్రయోగశాల పనికైతే 30 గంటలకు ఒక క్రెడిట్. మూడేళ్ల డిగ్రీకి కనీసం 120, నాలుగేళ్ల డిగ్రీకి కనీసం 160 క్రెడిట్లు కావాలి.

యూజీసీ చట్రం ప్రకారం మూడేళ్ల డిగ్రీలో ప్రధాన సబ్జెక్టుకు 60, అనుబంధ సబ్జెక్టుకు 24 క్రెడిట్లు ఉంటాయి. నాలుగేళ్లకు అవి 80, 32 అవుతాయి. వీటికి తోడు బహుళ విభాగాల కోర్సులకు 9, భాషా సామర్థ్యానికి 8, నైపుణ్య కోర్సులకు 9, విలువల కోర్సులకు 6 నుంచి 8, వేసవి ఇంటర్న్‌షిప్‌కు 2 నుంచి 4 క్రెడిట్లు. పరిశోధన దారిలో వెళ్లేవారికి ప్రాజెక్టు లేదా డిసర్టేషన్ 12 క్రెడిట్లు. పరిశోధన లేని ఆనర్స్ విద్యార్థులు దానికి బదులుగా పైస్థాయి కోర్సులు చేసి ఆ 12 క్రెడిట్లు సంపాదించాలి. ఇవి కనీస పరిమితులు. పేపర్ల పేర్లు, పంపిణీ విశ్వవిద్యాలయం ఆర్డినెన్సులో ఉంటాయి కాబట్టి చివరకు చూడాల్సింది దాన్నే.

మధ్యలో మానేస్తే?

మొదటి ఏడాది 40 క్రెడిట్లు సాధించి, వేసవిలో 4 క్రెడిట్ల వృత్తి కోర్సు పూర్తి చేసినవారికి సర్టిఫికెట్ వస్తుంది. రెండేళ్లకు 80 క్రెడిట్లు, దాంతోపాటు 4 క్రెడిట్ల వృత్తి కోర్సు ఉంటే డిప్లొమా. అలా బయటికి వెళ్లినవారు మూడేళ్లలోగా తిరిగి చేరవచ్చు. అయితే మొత్తం చదువు ఏడేళ్లలో ముగించాలి. ఇంటి అవసరాల కోసం మధ్యలో ఉద్యోగంలో చేరేవారికి ఇది మేలు చేసే వెసులుబాటు. కానీ మానేసే ముందు ఆ వృత్తి కోర్సు పూర్తి చేయకపోతే చేతికి సర్టిఫికెట్ రాదు. చాలామంది గమనించని షరతు ఇదే.

7.5 గీత

పరిశోధనతో కూడిన ఆనర్స్‌లో చేరాలంటే మొదటి ఆరు సెమిస్టర్లలో కలిపి 75 శాతం మార్కులు, అంటే 7.5 సీజీపీఏ ఉండాలి. ఇక్కడే పిల్లలు ఎక్కువగా దెబ్బతినే అవకాశం ఉంది. చివర్లో బాగా చదివితే సరిపోతుందన్న పాత అలవాటు ఈ లెక్కకు కుదరదు.

ఉదాహరణకు ప్రతి సెమిస్టర్‌కు 20 క్రెడిట్లు ఉన్నాయనుకుందాం. ఒక విద్యార్థికి వరుసగా 6.8, 7.0, 7.4, 7.7, 7.9, 8.0 గ్రేడ్ సగటులు వచ్చాయి. ఏటికేడు మెరుగుపడ్డాడు, చివరి మూడు సెమిస్టర్లలోనూ 7.5 దాటాడు. అయినా మొత్తం 44.8, సగటు 7.47. పరిశోధన దారి మూసుకుపోయినట్టే. మొదటి సెమిస్టర్‌లో 6.8కి బదులు 7.0 వచ్చి ఉంటే సగటు సరిగ్గా 7.5 అయ్యేది. కాలేజీకి అలవాటు పడే మొదటి ఆరు నెలల్లో పోగొట్టుకున్న 0.2 మూడేళ్ల తర్వాత తలుపు మూస్తుంది.

మార్కులున్నా మరో చిక్కు ఉంది. పరిశోధన చేయించే స్థాయి విభాగం కళాశాలలో ఉండాలి. కనీసం ఇద్దరు శాశ్వత అధ్యాపకులు పీహెచ్‌డీ పర్యవేక్షకులుగా గుర్తింపు పొంది ఉండాలని యూజీసీ మార్గదర్శకాలు చెబుతున్నాయి. అతిథి అధ్యాపకులతో నడిచే చిన్న కళాశాలలకు ఇది అందని షరతు. కాబట్టి ‘మీ కాలేజీలో నాలుగో ఏడాది ఉందా? ఉంటే ఏ సబ్జెక్టులో, ఏ రకం?’ అని అడ్మిషన్ రోజే అడగాలి.

నాలుగో ఏడాదితో ఏం వస్తుంది?

మొదటిది, పీజీలో ఒక ఏడాది తగ్గుతుంది. నాలుగేళ్ల డిగ్రీ ఉన్నవారికి ఏడాది పీజీ, మూడేళ్ల డిగ్రీ ఉన్నవారికి రెండేళ్ల పీజీ అన్నది కొత్త పద్ధతి. 3+2 అయినా 4+1 అయినా మొత్తం ఐదేళ్లే. అయితే ఏడాది పీజీని అన్ని విశ్వవిద్యాలయాలూ అన్ని సబ్జెక్టుల్లో నడపాలని లేదు. వెళ్లాలనుకున్న చోట ఆ కోర్సు లేకపోతే 4+2, అంటే ఆరేళ్లవుతుంది.

రెండోది, నేరుగా పీహెచ్‌డీ. 2022 నవంబరులో వచ్చిన యూజీసీ పీహెచ్‌డీ నిబంధనల ప్రకారం నాలుగేళ్ల డిగ్రీలో మొత్తంగా 75 శాతం ఉన్నవారు పీజీ లేకుండానే పీహెచ్‌డీ ప్రవేశానికి అర్హులు. ఎస్సీ, ఎస్టీ, క్రీమీలేయర్ కాని ఓబీసీ, దివ్యాంగ, ఆర్థికంగా వెనుకబడిన వర్గాల అభ్యర్థులకు 5 శాతం సడలింపు ఉంటుంది. ఈ 75 శాతం ఎనిమిది సెమిస్టర్లకు. పరిశోధన ఆనర్స్‌కు అడిగేది ఆరు సెమిస్టర్లకు. ఈ రెండు గీతలనూ ఒకటిగా పొరబడకూడదు.

ఇక ఉద్యోగాల సంగతి. డిగ్రీ అర్హతగా ఉన్న సివిల్ సర్వీసెస్, బ్యాంకు పరీక్షలకు మూడేళ్ల డిగ్రీ చాలు. బీఈడీ చేసి బడిలో చేరాలనుకునేవారికీ ఆనర్స్ తప్పనిసరి కాదు. పరిశోధన, అధ్యాపక వృత్తి, విదేశీ చదువు లక్ష్యమైనవారికే నాలుగో ఏడాది నిజంగా కలిసొస్తుంది. విదేశాల్లో మాస్టర్స్‌కు చాలా విశ్వవిద్యాలయాలు నాలుగేళ్ల డిగ్రీ కోరుతాయి.

తెలుగు రాష్ట్రాలకు రావాలంటే

భిలాయి తెలుగు కుటుంబాల్లో పిల్లల్ని పీజీకి విశాఖకో హైదరాబాద్‌కో పంపాలనుకునేవారు తక్కువేమీ కాదు. ఆంధ్రప్రదేశ్ కూడా 2023-24లో ఒకే ప్రధాన సబ్జెక్టుతో నాలుగేళ్ల ఆనర్స్ విధానం తెచ్చింది కాబట్టి క్రెడిట్ల భాష రెండుచోట్లా ఒకటే. అడ్డు వచ్చేది స్థానికత. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో 85 శాతం సీట్లు స్థానికులకు కేటాయించే పద్ధతి 1974 రాష్ట్రపతి ఉత్తర్వుల నుంచి వస్తోంది. చదువంతా బయటి రాష్ట్రంలో సాగినవారు సాధారణంగా స్థానికుల కిందికి రారు. మిగిలిన సీట్లకు పోటీపడేందుకు తల్లిదండ్రుల నివాస ధ్రువపత్రాల వంటివి అడుగుతారు. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం లాంటి సంస్థలకు ఈ నియమం వర్తించదు. అక్కడ జాతీయ స్థాయి సీయూఈటీ పీజీ స్కోరు చూస్తారు.

డిగ్రీ మధ్యలోనే మారాలంటే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ ఉపయోగపడుతుంది. 2021 జులైలో నిబంధనలు వచ్చిన ఈ ఖాతాలో విద్యార్థి క్రెడిట్లు జమవుతాయి, గరిష్ఠంగా ఏడేళ్లు చెల్లుతాయి. కానీ డిగ్రీ ఇచ్చే సంస్థలో కనీసం సగం క్రెడిట్లు సంపాదించి ఉండాలి. చేర్చుకోవాలా వద్దా అన్నది అవతలి విశ్వవిద్యాలయం ఇష్టం. బ్యాంకులో క్రెడిట్లు ఉన్నంత మాత్రాన సీటు ఉన్నట్టు కాదు.

ఇంజినీరింగ్‌లో వేరు

బీటెక్ ఎటూ నాలుగేళ్లదే కాబట్టి అక్కడ ఆనర్స్‌కు అదనపు ఏడాది ఉండదు. ఏఐసీటీఈ నమూనా ప్రణాళికలో బీటెక్‌కు 160 క్రెడిట్లు, ఆనర్స్ కోసం అదనంగా 18 నుంచి 20 క్రెడిట్లు ఉన్నాయి. అదే నాలుగేళ్లలో అదనపు కోర్సులు చేయాలన్నమాట. బీఎస్సీ ఆనర్స్‌నూ బీటెక్ ఆనర్స్‌నూ ఒకే గాటన కట్టి చూస్తే లెక్క తప్పుతుంది.

ఇప్పుడే చేయాల్సినవి

మొదటి, రెండో ఏడాదిలో ఉన్నవారు ప్రతి సెమిస్టర్ ఫలితం రాగానే సీజీపీఏ లెక్కవేసుకోవాలి. క్రెడిట్ ఖాతాలో జమ సరిగ్గా పడిందో లేదో చూసుకోవాలి. ప్రధాన సబ్జెక్టు మార్చుకోవాలనుకుంటే మొదటి ఏడాది చివర్లోనే అవకాశం ఉంటుంది. మూడో ఏడాదిలో ఉన్నవారు తమ కళాశాలలో నాలుగో ఏడాది ఉందో లేదో నోటిమాటగా కాకుండా విశ్వవిద్యాలయం నోటిఫికేషన్‌లో చూసి తెలుసుకోవాలి. లేకపోతే పరిశోధన వసతి ఉన్న మరో కళాశాలకు మారే దారి ముందే వెతుక్కోవాలి.

మూడేళ్లకే ఆపడం ఓటమి కాదు, నాలుగో ఏడాది చదవడం గొప్పా కాదు. ఆ తర్వాత ఎటు వెళ్లాలన్నది ముందు తేల్చుకుంటే ఏ దారి తమదో ఈ నిబంధనలే చెబుతాయి.