వచ్చే నీరు, పోయే నీరు: గోదావరి డెల్టా పట్టణాల మురుగునీటి చరిత్ర – ఒక పరిశీలన

1. ఉపోద్ఘాతం

గోదావరి డెల్టా చరిత్రను నీటిని తెచ్చిన చరిత్రగా రాయడం పరిపాటి. ధవళేశ్వరం ఆనకట్ట, కాలువలు, వరి పంట, వాటితో పెరిగిన పట్టణాలు ఆ కథలోని ప్రధాన ఘట్టాలు. వాడిన నీరు ఎక్కడికి పోయిందన్న ప్రశ్నకు అందులో చోటు తక్కువ. ఈ ప్రాంతంలో నీటి సరఫరాకు లభించిన చట్టబద్ధమైన గుర్తింపు, ఆర్థికాధారం నీటి పారవేతకు చాలా ఆలస్యంగా లభించాయి. పొలాల్లో కనిపించే ఈ అంతరం పట్టణాల్లో ఎలా కొనసాగిందో, రాజమహేంద్రవరాన్ని ప్రధాన ఉదాహరణగా తీసుకొని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

2. పొలం: రెండు పన్నుల మధ్య శతాబ్దం

1832–33 నాటి నందన కరువు, 1839 నాటి కోరంగి తుపాను గోదావరి మండలాన్ని కుదేలు చేశాయి. ఈ నేపథ్యంలో ఆర్థర్ కాటన్ ప్రతిపాదించిన ఆనకట్ట నిర్మాణం 1847లో మొదలై 1852లో పూర్తయింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుగా నిలిచిన ఈ కట్టడం నుంచి తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకు కాలువలు సాగాయి. నేడు దాని స్థానంలో ఉన్న బ్యారేజీ కింద ఆయకట్టు సుమారు 10 లక్షల ఎకరాలు.

కాలువ నీటికి ప్రతిఫలం రాబట్టడానికి ప్రభుత్వం ఎక్కువ కాలం ఆగలేదు. మద్రాసు నీటితీరువా చట్టం 1865లోనే వచ్చింది. పొలంలో మిగిలిన నీటిని సముద్రానికి చేర్చే మురుగు కాలువల సంగతి వేరు. అవి అసలే లేవని కాదు. అయితే వాటికి ప్రత్యేకమైన రాబడి లేదు. సముద్రమట్టానికి స్వల్ప ఎత్తులో, దాదాపు వాలు లేకుండా ఉన్న డెల్టాలో పూడిక తీయని డ్రెయిను ఒక్క వానాకాలంలోనే పొలాన్ని ముంచుతుంది. 1960 దశకంలో కృష్ణా, గోదావరి డెల్టాల ముంపు సమస్యపై మిత్రా కమిటీ అధ్యయనం చేసింది. అనంతరం 1968లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఈ డెల్టాలకు ప్రత్యేకంగా డ్రెయినేజి సెస్సు చట్టాన్ని తెచ్చింది. నీరిచ్చినందుకు పన్ను 1865లో వస్తే, నీటిని తీసివేసే పనికి పన్ను 1968లో వచ్చింది. రెండు చట్టాల మధ్య 103 ఏళ్ల ఎడం ఉంది.

3. పట్టణం: కాలువకు బదులు మనిషి

పట్టణాల విషయంలో పారిశుద్ధ్యం అవసరమన్న ఎరుక ముందే ఉంది. భారతదేశంలోని సైన్యం ఆరోగ్యస్థితిపై రాయల్ కమిషన్ నివేదిక 1863లో వెలువడింది. ఆ కమిషన్‌కు అందిన సమాచారంపై ఫ్లారెన్స్ నైటింగేల్ విస్తృతంగా వ్యాఖ్యానించి, మురుగు పారుదల లేకపోవడాన్ని ఎత్తిచూపింది. తరువాతి దశాబ్దంలో కాటన్ నీటిపారుదల వాదాన్ని సమర్థించినదీ ఆమెయే. ఆమె ఆలోచనలో కలిసివున్న ఈ రెండు అంశాలు డెల్టా పాలనలో వేర్వేరు శాఖలకు, వేర్వేరు పద్దులకు చేరాయి. కాలువలు ప్రజాపనుల శాఖ పరిధిలో ఉండగా, వీధి పారిశుద్ధ్యం 1865 మద్రాసు పట్టణాభివృద్ధి చట్టంతో రూపుదిద్దుకొన్న పురపాలక సంఘాల బాధ్యత అయింది. స్థానిక పన్నులే వాటికి ప్రధానాధారం.

భూగర్భ మురుగు వ్యవస్థకు కావలసిన పెట్టుబడి అలాంటి సంఘాల శక్తికి మించినది. ఆ లోటును పూరించినది మనిషి శ్రమ. పాకీ పని పేరుతో దళిత కులాలపై మోపిన ఈ చాకిరీ పురపాలక పారిశుద్ధ్యానికి పునాది అయింది. ఈ పనిలో మనుషులను నియమించడాన్ని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం, సెప్టిక్ ట్యాంకులు, మురుగు కాలువల్లోకి రక్షణ పరికరాలు లేకుండా దింపడాన్ని కూడా నిషేధిస్తూ 2013లో మరొక చట్టం అవసరమయ్యాయంటే, నిర్మించని కాలువల ఖర్చును ఎవరు భరించారో తెలుస్తుంది. పట్టణ మురుగునీటి చరిత్రను ఇంజనీరింగ్ చరిత్రగా మాత్రమే రాయడం ఇందువల్లనే అసమగ్రం.

4. రాజమహేంద్రవరం: కాలువల తలాపున

రాజమహేంద్రవరం భౌగోళిక స్థానం ఈ సమస్యకు ప్రత్యేకతనిచ్చింది. నగరం ధవళేశ్వరానికి కొద్ది కిలోమీటర్ల ఎగువన ఉంది. నగరం నదిలోకి వదిలినది డెల్టా కాలువల తలగేట్ల దాకా వెళ్లడానికి దూరం తక్కువ. నల్లా ఛానల్, ఆవ ఛానల్ నగరపు మురుగును మోసే ప్రధాన కాలువలు.

1995లో మొదలైన జాతీయ నదీ పరిరక్షణ ప్రణాళికలో గోదావరి తీరాన ఈ నగరానికి చోటు దక్కింది. ఆ ప్రణాళిక కింద హుకుంపేట వద్ద రోజుకు 3 కోట్ల లీటర్ల సామర్థ్యంతో మురుగునీటి శుద్ధికేంద్రం ఏర్పడింది. దీని చాలుబాటును కేంద్ర ప్రభుత్వ ప్రమాణాలతో అంచనా వేయవచ్చు. భూగర్భ మురుగు వ్యవస్థ ఉన్న పట్టణాలకు తలసరి రోజుకు 135 లీటర్లు, అది లేని పట్టణాలకు 70 లీటర్లు సరఫరా చేయాలని ప్రమాణం. సరఫరాలో సుమారు 80 శాతం మురుగుగా తిరిగివస్తుందని లెక్క. 2011 జనాభా లెక్కల ప్రకారం నగర జనాభా సుమారు 3.4 లక్షలు. పూర్తి ప్రమాణంలో సరఫరా రోజుకు 4.6 కోట్ల లీటర్లు, మురుగు 3.7 కోట్ల లీటర్లు అవుతాయి. ఇది కొలిచిన పరిమాణం కాదు, ప్రమాణాన్ని బట్టి కట్టిన అంచనా. అయినా 2011 జనాభాకే శుద్ధి సామర్థ్యం సుమారు 70 లక్షల లీటర్లు తక్కువని ఇది చూపుతుంది. పైగా శుద్ధికేంద్రం తన దాకా చేరిన మురుగును మాత్రమే శుద్ధి చేయగలదు.

5. దిగువ పట్టణాలు

కాకినాడ, అమలాపురం, భీమవరం వంటి పట్టణాలకు డెల్టా కాలువలే తాగునీటి ఆధారం. వేసవిలో మరమ్మతులకు కాలువలు కట్టివేసే రోజుల్లో ముందుగా నింపుకొన్న మంచినీటి చెరువులే దిక్కు. కాలువ గట్టున వెలసిన ప్రతి ఊరూ ఎగువ ఊరి మురుగుకు దిగువనే ఉంటుంది. భూగర్భ గొట్టాల్లో మురుగు పేరుకోకుండా ఉండాలంటే ప్రవాహవేగం సెకనుకు సుమారు 0.6 మీటర్లు ఉండాలి. వాలు లేని నేలలో అందుకు పంపింగు కేంద్రాలు తప్పవు. నిర్వహణ వ్యయం కూడా ఆ మేరకు పెరుగుతుంది.

2015లో ప్రారంభమైన అమృత్ పథకం తాగునీరు, మురుగునీరు రెంటినీ ఒకే చట్రంలోకి తెచ్చింది. లక్షలోపు జనాభా గల పట్టణాల కోసం ఆసియా మౌలిక పెట్టుబడుల బ్యాంకు 2018లో 40 కోట్ల డాలర్ల రుణం ఆమోదించిన ప్రాజెక్టు పేరులోనే తాగునీటితోపాటు సెప్టిక్ ట్యాంకు వ్యర్థాల నిర్వహణ చేరింది. విధాన స్థాయిలో ఇది గుర్తించదగిన మార్పు.

6. ముగింపు

కుళాయి కనెక్షను పెరిగిన ప్రతి ఇంటా మురుగు కూడా పెరుగుతుంది. కనుక పారవేత లేని సరఫరా విస్తరణ సమస్యను ఒక ఇంటి నుంచి దిగువ ఊరికి బదిలీ చేస్తుంది. 2003, 2015 పుష్కరాలకు రేవులు ముస్తాబయ్యాయి. 2027 పుష్కరాలకూ అవి ముస్తాబు కావడం సహజం. రేవు కంటికి కనిపిస్తుంది, భూమి లోపలి గొట్టం కనిపించదు. డెల్టా అనుభవం చూపేది ఏమిటంటే, కనిపించని పనికి సొంత పద్దు, స్థిరమైన రాబడి ఏర్పడనంత కాలం అది వాయిదా పడుతూనే ఉంటుంది. పొలాల విషయంలో ఆ గుర్తింపునకు శతాబ్దం పట్టింది. పురపాలక రికార్డుల్లో నీటి సరఫరా, పారిశుద్ధ్యం పద్దులను పక్కపక్కన పెట్టి చదివే పరిశోధనలు వస్తే, పట్టణాల విషయంలో ఈ ఆలస్యం మూల్యాన్ని ఏ వాడలు, ఏ కులాలు, ఏ దిగువ ఊళ్లు చెల్లించాయో మరింత స్పష్టంగా నిర్ధారించవచ్చు.