ఉద్దానము నుండి ఉన్నత న్యాయస్థానమునకు

ఆంధ్ర ఉన్నత న్యాయస్థాన చరిత్రను వ్రాయువారు సాధారణముగా ప్రధాన న్యాయమూర్తుల పరంపరను, భవనముల వైభవమును వర్ణింతురు. అది తగినదే. కాని పీఠము వైపునుండి గాక కక్షిదారుని ముంగిటినుండి చూచినచో ఆ చరిత్రకు మరియొక రూపము గోచరించును. అట్లు చూచుటకు పలాస, టెక్కలి ప్రాంతములు, కొబ్బరి జీడిమామిడి తోటల ఉద్దానపు తీరము మిక్కిలి అనువైనవి. ఏలయన, 1954 మొదలు 2019 వరకు గల అరువదియైదేండ్లలో ఈ సీమవారి ఉన్నత న్యాయస్థానము మూడుమారులు స్థానము మారినది.

మొదట మద్రాసు. అచ్చట 1862లో నెలకొన్న హైకోర్టు రెండు పూర్వసంస్థలకు వారసురాలు. ఒకటి 1801లో ఏర్పడి పట్టణమునందు అధికారము నెరపిన సుప్రీంకోర్టు. రెండవది జిల్లాల అప్పీళ్లను విచారించిన సదరు అదాలతు. ఉద్దానపు రైతు సివిలు దావాలో ఓడినచో, చట్టము అనుమతించినంత మేరకు అప్పీలుతో మద్రాసునకు పోగలిగెను. కాని అధికారుల అక్రమ నిర్ణయములను తెప్పించి రద్దుచేయు సెర్షియోరరీ మున్నగు రిట్టుల అధికారము సుప్రీంకోర్టు నుండి సంక్రమించినది. అది పట్టణపు పొలిమేర దాటి ఈ రైతునకు అక్కరకు వచ్చునా యనుటయే ప్రశ్న.

ఆ ప్రశ్నకు సమాధానము టెక్కలికి పొరుగుననున్న పర్లాకిమిడి జమీందారీ నుండియే వచ్చినది. గరబంధో మున్నగు గ్రామముల రైతులకును జమీందారునకును శిస్తు పెంపును గూర్చి వివాదము పుట్టెను. ఆ గ్రామములు నాటి గంజాము జిల్లాలోనివి. 1908నాటి ఎస్టేట్ల భూమి చట్టము ననుసరించి రెవెన్యూ బోర్డు చేసిన నిర్ణయమును రద్దుచేయవలెనని రైతులు కోరిరి. బోర్డు కార్యాలయము మద్రాసు పట్టణమునందే యుండెను గదా, రిట్టునకు అడ్డేమి? 1943లో ప్రీవీ కౌన్సిలు ఈ వాదమును త్రోసిపుచ్చెను. కార్యాలయ మెచ్చట నున్నదను మాత్రము చేత అధికారము కలుగదనియు, విషయసారమును బట్టి చూడగా గంజాము గ్రామముల శిస్తు వివాదము ఆ పాత సుప్రీంకోర్టు పరిధిలోనిది కాదనియు నిర్ణయించెను. కర్షకుని శిస్తును నిర్ణయించు బోర్డు మద్రాసులో నుండవచ్చును; ఆ బోర్డును సరిదిద్దు రిట్టు మాత్రము అతనికి దొరకదు. దూరమన్నది మైళ్లలో మాత్రమే లేదని ఈ తీర్పు తెలుపుచున్నది.

ఇంతకు ముందే, 1936 ఏప్రిలు 1న ఒరిస్సా రాష్ట్ర మేర్పడగా గంజాము జిల్లా చీలెను. పర్లాకిమిడి పట్టణము ఒరిస్సాకు పోయెను. ఇచ్ఛాపురము, టెక్కలి మద్రాసునందు నిలిచెను. సరిహద్దునకు ఆవలివారు పాట్నా హైకోర్టునకును, 1948 నుండి కటకము హైకోర్టునకును లోబడిరి. ఈవలివారికి మద్రాసే మిగిలెను. ఒక్క జిల్లాగా మెలగినవారికి రెండు ఉన్నత న్యాయస్థానములైనవి.

1950 జనవరి 26న అమలునకు వచ్చిన రాజ్యాంగము 226వ అధికరణముచే ప్రతి హైకోర్టునకు తన రాష్ట్రమంతట రిట్టుల అధికారమొసగెను. జమీందారీల రద్దునకై 1948లో వచ్చిన చట్టము క్రింద పట్టాలను నిర్ణయించు అధికారుల తప్పును ప్రశ్నించుటకు ఇక దారి యేర్పడినది. అయినను ఒక లోపము మిగిలెను. కాకినాడ శాసనసభ్యుడు శాకా వెంకటరావుగారి వ్యాజ్యమున, ఎన్నికల సంఘము ఢిల్లీలో నున్నందున మద్రాసు రిట్టు దానిపై చెల్లదని సుప్రీంకోర్టు 1953లో తీర్పు చెప్పెను. వ్యాజ్యకారణము పుట్టిన తావున గల హైకోర్టునకును అధికారమిచ్చి 1963నాటి పదునైదవ సవరణము ఈ కొరతను తీర్చెను.

ఆంధ్ర రాష్ట్రము 1953 అక్టోబరు 1న ఏర్పడినను, గుంటూరులో హైకోర్టు 1954 జూలై 5న గాని ప్రారంభము కాలేదు. ప్రథమ ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావుగారు. 1956 నవంబరులో న్యాయస్థానము హైదరాబాదున మూసీ తీరపు భవనమునకు తరలినపుడును వారే నాయకులు. 1958లో సుప్రీంకోర్టునకు వెళ్లిన యా యేటనే, కృష్ణా జిల్లా బస్సుల జాతీయీకరణమునకు సంబంధించిన గుళ్లపల్లి నాగేశ్వరరావుగారి వ్యాజ్యమున వారు అధిక సంఖ్యాకుల తీర్పు వ్రాసిరి. ఒకరు విని వేరొకరు నిర్ణయించినచో ఆ విచారణ వ్యర్థమని వారి సిద్ధాంతము. రెవెన్యూ బోర్డు ముందు నిలిచిన పర్లాకిమిడి రైతులు ఆశించినదియు ఇట్టి న్యాయ పర్యవేక్షణమే. వారు 1966–67లో భారత ప్రధాన న్యాయమూర్తులైరి. కాని నాయకత్వమునకు కొలబద్ద పదవి గాక ఈ దృష్టియే యని నా యభిప్రాయము.

2014లో రాష్ట్రము విడిపోయిన పిమ్మట కొంతకాలము ఉమ్మడి హైకోర్టు సాగి, 2019 జనవరి 1న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు వేరైనది. అమరావతిలో నెలకొన్న ఆ న్యాయస్థానమునకు సి. ప్రవీణ్‌కుమార్‌గారు తాత్కాలిక ప్రధాన న్యాయమూర్తులుగను, ఆ యేటి అక్టోబరు నుండి జె. కె. మహేశ్వరిగారు ప్రధాన న్యాయమూర్తులుగను ఉండిరి.

పలాసలో రైలెక్కి ఉన్నత న్యాయస్థానమునకు పోవువానికి ప్రయాణము నేటికిని దీర్ఘమే. కాని 1943లో మూసియున్న ద్వారము నేడు తెరచియున్నది. ఉన్నత న్యాయస్థాన చరిత్రలో భవనములు మారిన తేదీల కంటె ఈ ద్వారము తెరువబడిన తేదీయే ఉద్దానపు రైతునకు ముఖ్యము.