మూసారాంబాగ్: చెవితో పట్టిన ఫ్రెంచి

హైదరాబాదు శివారులోని గండిమైసమ్మ పేరు పలకడానికి ఎవరూ తడుముకోరు. గం-డి-మై-స-మ్మ: రాసిన అయిదక్షరాలూ నోట వినిపిస్తాయి. ఫ్రెంచి క్రియలది వేరే దారి. ‘వీలుంటే వాళ్లు మాట్లాడేవారు’ అనే భావానికి దగ్గరగా వచ్చే ‘పార్లరే’ రూపాన్ని పదకొండు అక్షరాలతో రాస్తారు. చివరి అయిదింటికీ దక్కేది ఒక్క ఏకారం. మరి 18వ శతాబ్దపు హైదరాబాదు ఈ భాషను కంటితో పట్టిందా, చెవితోనా? చెవితోనే. సాక్ష్యం ఆ నగరంలోని మూసారాంబాగ్ పేట. నిజాం అలీఖాన్ కొలువులోని ఫ్రెంచి సేనాని, 1798లో కన్నుమూసిన మొస్యో రేమోఁ పేరే జనం నోట ‘మూసా రాం’ అయిందంటారు. రాతలో మొస్యో చివర రేఫ, రేమోఁ చివర దకారం ఉన్నాయి. ఫ్రెంచివాళ్లు వాటిని పలకరు, మనవాళ్లూ పలకలేదు. కాగితం చూసి చదివిన ఇంగ్లీషువాళ్లకే ఆయన రేమండ్.

ముస్లింలకు మూసా, హిందువులకు రాముడు కనుక అభిమానంతో ఆ పేరు పెట్టారన్న వాదన ఉంది. కావచ్చు. కానీ వేల పేర్లుండగా ఆ రెండే ఎందుకు కుదిరాయో అభిమానం చెప్పదు, ధ్వని చెబుతుంది. ఇక మొదటి క్రియకు తిరిగి వస్తే, మన లిపి ‘పా-ర్ల-రే’ అని విడదీస్తే ఫ్రెంచి నోరు ‘పార్-ల-రే’ అంటుంది కదా, పొత్తు ఎక్కడ అనీ అడగవచ్చు. జవాబు ఛందస్సులో ఉంది: సంయుక్తానికి ముందున్న అక్షరం గురువు. మైసమ్మలో ‘స’ను గురువుగా లెక్కించినవాడు ‘సమ్-మ’ విరుపును ఎరిగినవాడే. అదే క్రియకు ‘మాట్లాడుతాం’ అనే రూపమైన ‘పార్లరోఁ’లో నడిమి అచ్చు వేగంలో జారిపోతుంది; ‘వీలుంటే మాట్లాడేవాళ్లం’ అనే ‘పార్లర్యోఁ’లో నిలుస్తుంది, లేకపోతే హల్లులు గుట్టపడతాయి. అన్నట్టు, మనం అటకెక్కించిన అరసున్న ఈ ముక్కుపలుకులకు భేషుగ్గా అతుకుతోంది.