అడిగినవారికి చెప్పినవారు

కొన్న వస్తువు చెడిపోయినపుడు అమ్మినవాని యొద్దకు పోవుట లోకాచారము. గడియారమైనను, కుట్టుమిషనైనను, రేడియో అయినను అంతే. సొమ్ము పుచ్చుకొన్నవాడు బదులు చెప్పవలసినవాడు. అమ్మినవాడే లేని వస్తువు మొరాయించినచో ఎవరిని అడుగవలెను? కంప్యూటర్ల లోకములో ఈ ప్రశ్న నలుబది యేండ్లకు పైగా నడచుచున్నది. దానికి దొరకిన సమాధానము విచిత్రమైనది. ఆ చరిత్రను కొంత చెప్పదలచితిమి.

అమెరికాలోని 'ఇన్ఫోవరల్డ్' అను కంప్యూటర్ల వారపత్రిక 1997వ సంవత్సరమునకు గాను మేలైన ఉత్పత్తులకు బహుమతులు ప్రకటించినది. వాడువారికి సాంకేతిక సహాయము చేయుటలో మిన్నయైన వారికి ఈయవలసిన బహుమతిని ఏ కంపెనీకిని ఈయక, 'లినక్స్ వాడువారి సముదాయము'నకు ఇచ్చినది. ఆ సముదాయమునకు కార్యాలయము లేదు, అధ్యక్షుడు లేడు, జీతగాండ్రు లేరు. బహుమతి అందుకొనుటకు వేదిక నెక్కవలసినది ఎవరో చెప్పుటకును వీలులేదు. జీతములిచ్చి టెలిఫోనుల యొద్ద మనుష్యులను కూర్చుండబెట్టిన కంపెనీలు ఎన్నియో ఉండగా, ముక్కుమొగము తెలియని వారికి ఊరక బదులు చెప్పుచున్న జనసమూహము ఈ మన్ననను ఎట్లు పొందెను?

ముందుగా ఒక మాట విప్పి చెప్పవలెను. కంప్యూటరును నడపు ఆదేశముల వరుసను ప్రోగ్రామనియు, ప్రోగ్రాములను కలిపి సాఫ్ట్‌వేర్ అనియు అందురు. మనుష్యుడు చదువుటకు వీలుగా వ్రాసిన దాని మూలపాఠమే సోర్స్ కోడు. వ్యాపారసంస్థలు పెక్కింటికి అది పెట్టెలో దాచిన గుట్టు. దానిని దాచక బయటపెట్టి, ఎవరైనను చదువుకొనవచ్చును, మార్చుకొనవచ్చును, ఇతరులకు పంచవచ్చును అని అనుమతించినదే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్. ఆ పేరు 1998లో వచ్చినది గాని, భావము అంతకు ముందటిది. మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో పనిచేయుచుండిన రిచర్డ్ స్టాల్‌మన్ అట్టి స్వేచ్ఛ గల 'గ్ను' వ్యవస్థను నిర్మింపబూనినట్లు 1983 సెప్టెంబరు 27న ప్రకటించెను. 1989లో వెలువడిన ఆయన లైసెన్సు పత్రములో స్వేచ్ఛలన్నియు చెప్పి, ఈ ప్రోగ్రాము సరిగా పనిచేయునని ఎట్టి హామీయు లేదని కూడ వ్రాసినారు. ఇచ్చినవాడు ఇచ్చెనే గాని పూచీ పడలేదు.

ప్రోగ్రాము ఉచితమైనను దానిని నేర్పుటకును, చెడినపుడు సరిచేయుటకును జనులు సొమ్ము చెల్లింతురని స్టాల్‌మన్ 1985లోనే ఊహించెను. 1989లో స్థాపింపబడిన సిగ్నస్ అను కంపెనీ అట్టి సహాయమునే అమ్మి వ్యాపారము చేసినది కూడ. కాని సొమ్ము చెల్లింపలేని విద్యార్థి గతి యేమి? అతనికి ఆధారమైనది మరియొకటి.

1979లో డ్యూక్ విశ్వవిద్యాలయ విద్యార్థులగు టామ్ ట్రస్కాట్, జిమ్ ఎల్లిస్ అనువారు తలపెట్టి, మరుసటి యేడు లోకమునకు చూపిన యూజ్‌నెట్ అనునది ఒక విధమైన బహిరంగ తపాలా. ఒక కంప్యూటరు మరియొక కంప్యూటరునకు టెలిఫోను తీగల మీద ఉత్తరముల కట్టను అందించును. అది ఇంకొకదానికి అందించును. ఒక విషయమును గూర్చి ఒకడు వ్రాసిన ప్రశ్నను ఆ విషయమునందు ఆసక్తిగలవారందరును చదువుదురు. దానికి మరియొకడు వ్రాసిన బదులును కూడ అందరును చదువుదురు. ఈ రెండవది ముఖ్యమైనది. నిపుణునికి ఒకడు రహస్యముగా జాబు వ్రాసి తప్పు సమాధానము పొందినచో ఆ తప్పు ఆ ఇద్దరి నడుమనే నిలిచిపోవును. పదిమంది యెదుట చెప్పిన తప్పును పదునొకండవవాడు దిద్దును. ఈ సమాధానముల మేలునకు మూలము చెప్పినవారి పాండిత్యముకంటె ఈ దిద్దుబాటే అని మా అభిప్రాయము.

అయితే బహిరంగ స్థలమున ఒక చిక్కు కలదు. నేడు వచ్చినవాడు నిన్న మరియొకడు అడిగినదే అడుగును. చెప్పి చెప్పి విసిగినవారు, తరచుగా వచ్చు ప్రశ్నలను సమాధానములతో ఒక పట్టికగా వ్రాసి పెట్టసాగిరి. 1980 తరువాతి తొలి యేండ్లలో నాసాలో పనిచేయుచుండిన యూజీన్ మియా ఈ పద్ధతికి ఆద్యులలో ఒకడని చెప్పుదురు. ఇట్టి పట్టికలను భద్రపరచిన మసాచుసెట్స్ విద్యాసంస్థ కంప్యూటరు పేరు 'ఆర్.టి.ఎఫ్.ఎం.' అనుటలో ఒక చమత్కారమున్నది. అది 'ముందు పుస్తకము చదువుము' అని కసరుకొనుటకు ఆంగ్లమున వాడు పొడిమాట. నడుమ ఒక మోటుపదము కూడ ఉన్నది గనుక దానిని పూర్తిగా విప్పి చెప్పుట రేడియోకు తగదు.

లినక్స్ పుట్టుకలోనే ఒక ప్రశ్న ఉన్నది. 1991 జూలై 3వ తేదీన హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లీనస్ టోర్వాల్డ్స్ యూజ్‌నెట్‌లో పోసిక్స్ అను ప్రమాణసూత్రములు ఎక్కడ దొరకునని అడిగెను. అతడు సొంతముగా ఒక ఆపరేటింగ్ సిస్టమును వ్రాయుచున్నాడని అప్పటికి లోకమునకు తెలియదు. ఆగస్టు 25న ఆ సంగతి బయటపెట్టి, మీకు ఏమేమి కావలెనో చెప్పుడని చదువరులనే అడిగెను. ఫిన్లండు వాడేయగు అరి లెమ్కే అతని ప్రోగ్రామును అందరికి అందుబాటులో నుంచుటకు ఒక కంప్యూటరులో చోటిచ్చి, ఆ చోటికి 'లినక్స్' అని పేరు పెట్టెను. టోర్వాల్డ్స్ అనుకొన్న పేరు 'ఫ్రీయాక్స్'. సహాయము చేసినవాడు పెట్టిన పేరే నిలిచినది.

ఆ తొలి దినములలో లినక్స్‌ను యంత్రములో ఎక్కించుట సామాన్యమైన పని కాదు. తెరమీద బొమ్మలు కనబడవలెనన్నచో మానిటరు సహింపగల వేగములను అంకెలతో వ్రాసి ఈయవలెను. అంకె తప్పినచో పాత మానిటరు పాడైపోవు ప్రమాదము కూడ ఉండెను. అట్టియెడ, 'నా యంత్రములో ఈ అంకె పనిచేసినది, నీవును వేసికొనుము' అని చెప్పువానికిని, 'నీ మానిటరు వెంట వచ్చిన పుస్తకములో ఈ పుట చూచి, అందలి సంఖ్యను మాత్రమే వ్రాయుము' అని చెప్పువానికిని ఎంత భేదమున్నదో ఊహింపవచ్చును. మొదటివాడును మంచివాడే, కాని వాని మంచితనము ఒక విద్యార్థి మానిటరును కాల్చియుండును. 1992లో మాట్ వెల్ష్ మొదలైనవారు ప్రారంభించిన లినక్స్ డాక్యుమెంటేషన్ ప్రాజెక్టు ఇట్టి విషయములను ఒక్కొక్క పనికి ఒక్కొక్క చిన్న గ్రంథముగా కూర్చి అందరికి అందించినది.

వైద్యుని యొద్దకు పోయి 'నాకు బాగుగా లేదు' అని మాత్రము చెప్పి ఊరకున్నచో మందు దొరకదు. కంప్యూటరు విషయములోను అట్లే. ఏ ప్రోగ్రాము, ఏ సంచిక, తెరమీద అక్షరాలా ఏమి కనబడినది, అంతకు ముందు ఏమి చేసినాము అని చెప్పవలెను. 2001లో ఎరిక్ రేమండ్, రిక్ మోయెన్ అనువారు ప్రశ్న అడుగు విధమును గూర్చి ఒక వ్యాసమే వ్రాసిరి. అది ఎంత వ్యాపించినదనగా, చదివినవారు తమ కంప్యూటరు బాధలను ఆ గ్రంథకర్తలకే వ్రాయసాగిరి. మేము మీ సహాయకేంద్రము కామని వారు వ్యాసమునకు ముందే హెచ్చరిక వ్రాసికొనవలసి వచ్చినది. వారు చెప్పిన సూచనలు మంచివే. కాని ఆ వ్యాసపు కటువుదనము మాత్రమే అబ్బినవారు కొందరు, తమకు సమాధానము తెలియనపుడు కూడ అడిగినవానిని అదలించుటకు దానిని కొరడాగా వాడిరి. అదలింపు సమాధానము కాదు. 2004లో వెలువడిన ఉబుంటు లినక్స్ వారు సభ్యులకు మర్యాదనియమములను వ్రాసి పెట్టుకొనుట ఊరక జరిగినది కాదు.

ఇంతకును వీరు ఊరక ఏల చెప్పుదురు? దానము అందుమా, కీర్తికాంక్ష అందుమా? ఈ విషయమును కరీం లఖానీ, ఎరిక్ ఫాన్ హిప్పెల్ అను పండితులు పరిశీలించి 2003లో ప్రకటించిరి. వారు తీసికొన్న ఉదాహరణము అపాచీ అను ఓపెన్ సోర్స్ ప్రోగ్రాము. ఇంటర్నెట్‌లోని పుటలను అడిగినవారికి అందించుట దాని పని. 1995లో పుట్టి, ఆ రంగమున కొలది కాలములోనే అగ్రస్థానము నందినది. దానిని గూర్చి వచ్చు ప్రశ్నలకు యూజ్‌నెట్‌లో బదులు చెప్పువారి కాలము ఎట్లు గడచుచున్నదో చూడగా, వారి శ్రమలో 98 శాతము వారికే నేరుగా విద్యనిచ్చునదిగా తేలినది. వారు అక్కడికి వచ్చుటయే ఇతరుల ప్రశ్నలను, సమాధానములను చదివి నేర్చుకొనుటకు. చదువుచుండగా తమకు ముందే తెలిసిన ప్రశ్న తగిలినచో కొద్ది నిమిషములలో నాలుగు పంక్తులు వ్రాసి పోవుదురు. త్యాగమని మనము అనుకొన్నది వాస్తవమునకు విద్యార్థిత్వము. దీనివలన మరియొక సంగతి కూడ బోధపడుచున్నది: ఎవరికిని ముందుగా తెలియని ప్రశ్న, గంటలకొలది తరచి చూడవలసిన ప్రశ్న, ఇట్టి చోట అనాథగా పడియుండుట వింత కాదు.

2008లో జెఫ్ అట్‌వుడ్, జోయెల్ స్పోల్‌స్కీ అనువారు స్టాక్ ఓవర్‌ఫ్లో అను సంస్థను ప్రారంభించి సమాధానములకు ఓట్లు ప్రవేశపెట్టిరి. మెచ్చినవారి ఓట్లు పడినకొలది సమాధానము పైకి పోవును. ఇతరులు దానిని దిద్దవచ్చును. మేలైన ఏర్పాటే. కాని ఓటు వేయువాడు చూచునది తన పని జరిగినదా అని మాత్రమే. 2010లో ఒకరు, బైట్ల లెక్కను కిలోబైట్లు, మెగాబైట్లుగా మార్చి చూపుటకు జావా భాషలో చిన్న ముక్క నొకదానిని అక్కడ సమాధానముగా వ్రాసిరి. దానికి ఓట్లు దండిగా పడినవి. 2018లో వెలువడిన ఒక పరిశోధన, స్టాక్ ఓవర్‌ఫ్లోనుండి ఇతరులు తమ ప్రోగ్రాములలోనికి ఎక్కించుకొన్న జావా ముక్కలలో అదియే అన్నిటికంటె ఎక్కువగా వాడబడినదని తేల్చెను. మరుసటి యేడు ఆ వ్రాసినవారే దానిని మరల పరిశీలింపగా తప్పు బయటపడినది. 9,99,999 బైట్లను '1.0 మెగాబైటు' అనవలసినచోట అది '1000.0 కిలోబైట్లు' అని చూపుచుండెను! ఆయన తన తప్పును దాచక వ్యాసము వ్రాసి, సమాధానమును సరిదిద్దెను. కాని అప్పటికే నకలు చేసికొని పోయినవారికి ఆ కబురు ఎవరు చెప్పగలరు?

సరియైన సమాధానము కూడ ముసలిదగును. పైథాన్ భాష రెండవ రూపమునకు ఆలన 2020 జనవరి 1తో ముగిసినది. అంతకు ముందు దానికై వ్రాసిన సమాధానములు అబద్ధములు కావు. అయినను మూడవ రూపము వాడు నేటి విద్యార్థికి వానిలో అనేకము పనికిరావు.

మన భాష మాట ఏమి? స్టాక్ ఓవర్‌ఫ్లో పోర్చుగీసు, రష్యను, స్పానిషు, జపాను భాషలలో శాఖలు తెరచినది. భారతీయభాష ఒక్కటియు అందు లేదు. హైదరాబాదులోని 'స్వేచ్ఛ' సంస్థవారు సాఫ్ట్‌వేర్‌ను తెనిగించిరి. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో సభ్యులు ఒకరినొకరు ప్రశ్నించుకొను చోటికి 'రచ్చబండ' అని పేరు పెట్టుకొనిరి. ఇంతకంటె తగిన పేరు మాకు తోచదు. రచ్చబండ మీద అన్నమాటను ఊరంతయు వినును గదా.

ఇక చివరి ఘట్టము. 2022 నవంబరు 30న చాట్ జీపీటీ అను కృత్రిమమేధ ప్రజలకు అందినది. కొద్ది దినములలోనే దానిచేత వ్రాయించిన సమాధానములు స్టాక్ ఓవర్‌ఫ్లోలో వెల్లువెత్తగా, డిసెంబరు తొలివారములో వారు వానిని నిషేధించిరి. చూచుటకు చక్కగా ఉన్నను వానిలో తప్పులు మిక్కిలి ఎక్కువయని వారు చెప్పిన కారణము. పరీక్షించి చూచువారు కొందరు, వచ్చిపడునవి వేలు. అటుపిమ్మట అక్కడ అడుగువారి సంఖ్యయే బాగుగా తగ్గినది. ఇట్టి యంత్రములు తమ విద్యను చాలవరకు ఇంటర్నెట్‌లో మనుష్యులు వ్రాసిన పాఠములనుండి నేర్చినవి. అది ఓపికగా చెప్పును, కసరుకొనదు, అర్ధరాత్రియైనను పలుకును, తెలుగులో అడిగినచో తెలుగులో చెప్పును. మొట్టికాయలు తిని లేచిపోయిన విద్యార్థులకు ఇది పెద్ద ఊరటయే. దీనిని తేలికగా కొట్టివేయుట న్యాయము కాదు. కాని ఆ ప్రశ్నయు, బదులును ఆ గదిలోనే నిలిచిపోవును. పదునొకండవవాడు అక్కడ లేడు. నేర్చుకొనుటకై వచ్చి చదువుచు నాలుగు పంక్తులు వ్రాసి పోవువానికి చదువుటకు ప్రశ్న దొరకదు. రేపు క్రొత్త ప్రోగ్రామొకటి వెలువడినపుడు, దాని లోపమును మొదట కనిపెట్టినవాడు తన అనుభవమును ఎక్కడ వ్రాయును, యంత్రము దానిని ఎక్కడ చదువును?

గూగుల్ సంస్థ 2024 ఫిబ్రవరిలో యూజ్‌నెట్ నుండి క్రొత్త ఉత్తరములను స్వీకరించుట మానినది. పాతవానిని మాత్రము చదువుకొనుటకు ఉంచినది.