పాత కారు పనిముట్ల సంచి

పాత మోటారుకారును కొనువారు మొదట ఇంజనును చూతురు; పిమ్మట చక్రములను, రంగును, సీట్లను చూతురు. పనిముట్ల సంచిని విప్పి చూచువారు అరుదు. కాని ఆ సంచిలోని ఇనుపముక్కలకు కూడ ఒక చరిత్ర కలదు. వానిమీది అంకెలు చదువ నేర్చినవారికి అవి శాసనములవలె తమ కాలమును తామే చెప్పును. ఆ చదువు ఎట్టిదో నేడు కొంత మనవి చేయదలచితిమి.

ఉదాహరణమునకు ఇంగ్లండులోని ఎబింగ్డను పట్టణమున ఎం. జి. సంస్థ నిర్మించిన 'టి. సి.' అను రెండు సీట్ల స్పోర్ట్సుకారును తీసికొందము. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన 1945వ సంవత్సరముననే దీని నిర్మాణము మొదలైనది; 1949తో ముగిసినది. మొత్తము సుమారు పదివేల కార్లు వెలువడినవి. బానెట్టు ఎత్తినచో ఇంజనుకు వెనుకనున్న అడ్డుగోడమీద పనిముట్ల పెట్టె కనబడును. పానాలు, స్క్రూడ్రైవరు, గ్రీజుగన్ను, టైరు ఊడదీయు మీటలు, గాలిపంపు, జాకీ, ఇంజనును చేతితో త్రిప్పు హేండిలు, చక్రపు నట్టును కొట్టి వదులుచేయు మెత్తనితల సుత్తి— ఇట్టి సామగ్రి ఆ కాలపు ఇంగ్లీషు స్పోర్ట్సుకార్లతో వచ్చుచుండెడిది. కారు చేతులు మారినకొలది ఈ సామగ్రి చెదరిపోయినది. ఒకటి పోయినచోట మరియొకటి చేరినది. ఇప్పుడొక సంచిని మనముందు పరచి, 'ఇది కారుతో పుట్టినదే' అని యజమాని చెప్పెననుకొందము. నిజమెట్లు తెలియును?

మొదట పానాలను చేతికి తీసికొందము. 1841లో జోసెఫ్ విట్‌వర్త్ అను ఇంగ్లీషు యంత్రశిల్పి బోల్టుల మరలకు ఒక ప్రమాణమును ప్రతిపాదించెను. అంతకుముందు ఒక కర్మాగారపు నట్టు మరియొక కర్మాగారపు బోల్టుకు పట్టెడిది కాదు. ఆయన మరకు 55 డిగ్రీల కోణము నిర్ణయించెను. 1908లో అదే కోణముతో, మరింత సన్నని మరలు గల బి. ఎస్. ఎఫ్. అను ప్రమాణము వచ్చినది. ఈ పద్ధతిలో పానామీది అంకె పానా నోటి వెడల్పు కాదు. అది పట్టు బోల్టు కాండపు మందము. కనుక '1/4 డబ్ల్యూ' అని చెక్కిన పానా నోరు కొలిచినచో అర అంగుళముకన్న కొంచెము ఎక్కువగానే యుండును. అదే నోరు 5/16 బి. ఎస్. ఎఫ్. బోల్టుకును సరిపోవును. అందుచే ఒకే నోటిపై రెండు అంకెలు చెక్కియుండుట కద్దు. ఇది దోషము కాదు, ఆనాటి గుర్తు.

ఇక 'ఏ. ఎఫ్.' అను అక్షరములు గల పానా కనబడినచో ఆగి ఆలోచింపవలెను. అక్కడ అంకె నోటి వెడల్పునే చెప్పును. అమెరికాలో విలియం సెల్లర్స్ 1864లో 60 డిగ్రీల మరను ప్రతిపాదింపగా, ఆ దేశము ఆ దారినే పోయినది. రెండవ ప్రపంచయుద్ధమున మిత్రరాజ్యముల యంత్రములు ఒకదాని బోల్టు మరియొకదానికి పట్టక చాల చిక్కు కలిగినది. ఆ అనుభవముతో 1948లో అమెరికా, బ్రిటను, కెనడా దేశములు ఒకే మరకు అంగీకరించినవి. దాని వెంట ఏ. ఎఫ్. పానాలు ఇంగ్లీషు కార్లలోనికి ప్రవేశించినవి. 1955లో వచ్చిన ఎం. జి. 'ఏ' కారుకు అవి తగును, టి. సి. సంచిలో మాత్రము అవి తరువాత వచ్చిన అతిథులు.

ఈ టి. సి. కారులోనే మరియొక వింత కలదు. దాని 1250 సి. సి. ఇంజనులోని బోల్టుల తలలు విట్‌వర్త్ కొలతవి. మరలు మాత్రము ఫ్రెంచి మిల్లీమీటరు కొలతవి. కారణము చరిత్రలో ఉన్నది. మొదటి ప్రపంచయుద్ధకాలమున పారిసు సమీపమునందలి హాచ్‌కిస్ సంస్థ ఆయుధములు చేయుటకై ఇంగ్లండులోని కోవెంట్రీలో కర్మాగారము పెట్టినది. యుద్ధానంతరము అక్కడ మారిస్ కార్లకు ఇంజనులు చేసిరి. 1923లో విలియం మారిస్ దానిని కొనెను. యంత్రములు ఫ్రెంచి మరలనే కోయుచుండెను. ఇంగ్లీషు పనివాని చేతిలో విట్‌వర్త్ పానా యుండెను. ఇద్దరికిని రాజీగా మర అక్కడిది, తల ఇక్కడిది అయినది. అందుచే మిల్లీమీటరు మరను చూచి సంచిలో మిల్లీమీటరు పానాలు చేర్చువాడు పొరబడినట్లే.

ఈ పొరబాటు సంచితో ముగియదు. 1/2 అంగుళపు ఏ. ఎఫ్. పానా ఆ విట్‌వర్త్ తలకు పట్టనే పట్టదు. 9/16 పానా పట్టును గాని వదులై తల మూలలను అరుగదీయును. ఇన్నేండ్లు నిలిచిన అసలు బోల్టు ఒక్క పూటలో పాడగును.

పనిముట్లమీది పేర్లను కూడ పరిశీలింపవలెను. కారు సంస్థ వీనిని సాధారణముగా బయటినుండి కొనెడిది. 'కింగ్ డిక్' పానాలు, 'టెకాలమిట్' గ్రీజుగన్నులు, 'డన్‌లప్' పంపులు, 'థోర్' సుత్తులు ఆ కాలపు ఇంగ్లీషు కార్లలో ప్రసిద్ధములు. కాని పేరొక్కటే సాక్ష్యము కాదు. 'థోర్' పేరుతో సుత్తులు మన కాలమునను వచ్చుచున్నవి. పిడి, చెక్కిన అక్షరముల తీరు, పై పూత చూచి, నాటి కారు పుస్తకములోని జాబితాతోను బొమ్మలతోను సరిచూచిన పిమ్మటనే నిర్ణయింపవలెను.

తాళపత్రప్రతులను పరిష్కరించు పండితుల పద్ధతి మనకు తెలిసినదే. వారు మూలపాఠమును వెదకుదురు, ప్రక్షిప్తమును గుర్తింతురు, లుప్తమైన చోట చుక్కలు పెట్టుదురేగాని స్వంత పద్యమును కవి పేరిట వ్రాయరు. పనిముట్ల సంచికిని ఇదే ధర్మము. కొత్త పానాను ఆమ్లములో ముంచి తుప్పు పట్టించి, పాత పేరు చెక్కి అమ్ముట కూట శాసనము పుట్టించుటయే. కొన్నవానికి నష్టమగుటయే గాక, రేపు దానినే ప్రమాణముగా చూచి నేర్చుకొనువారందరును తప్పు నేర్తురు.

సంచిలో ఒక పానా లోపించినచో ఆ అర ఖాళీగానే యుండనిండు. లేదా నేడు చేసిన పానాను నేటిదని చెప్పియే పెట్టుడు. ఎప్పుడో ఒక యజమాని తన అవసరముకొరకు చేర్చుకొన్న ఏ. ఎఫ్. పానాను పారవేయవలదు, వేరుగా ఉంచి, తరువాత చేరినదని ఒక చీటీ కట్టుడు. అదియు ఆ కారు నడిచిన బ్రతుకులో భాగమే.