ఎథెల్ కొన్న సైకిలు

భిలాయ్ సెక్టార్ క్వార్టర్లలో పెరిగినవాళ్లకి సైకిలంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి స్టీలు ప్లాంటుకొచ్చిన నాన్నలు ఎండకీ వానకీ డ్యూటీకెళ్లిందీ దాని మీదే, మనం ఏడ్చి ఏడ్చి ‘వచ్చే నెల చూద్దాంలే’ అనిపించుకున్నదీ దాని కోసమే. అందుకే ‘ది డ్యామ్డ్ డోంట్ క్రై’ చూస్తుంటే మొదట్లోనే గొంతు పట్టేస్తుంది.

1950 నాటి నలుపు తెలుపు సినిమా. అప్పటికి భిలాయ్‌లో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ వెలగడానికి ఇంకా తొమ్మిదేళ్లుంది. అయినా తెర మీది ఆ చమురు బావుల ఊరు మనమెరిగిన ఊరే. మసి బట్టలతో ఇంటికొచ్చే మగవాళ్లు, పైసా పైసా లెక్క చూసుకునే ఆడవాళ్లు. ఎథెల్ కొడుక్కి సైకిలు కొంది. అంత డబ్బు ఎక్కడిది, తిరిగిచ్చెయ్యమన్నాడు మొగుడు. ఆ సైకిలు మీద ఉండగానే పిల్లాణ్ణి లారీ గుద్దేసింది.

ఎథెల్ ఇల్లొదిలి పోయింది. బట్టల కంపెనీలో మోడల్ అయింది. మార్టిన్ అనే నెమ్మదైన అకౌంటెంటుని ముఠా లెక్కల్లోకి దించి, అతని భుజం మీద కాలేసి ముఠా నాయకుడు కాజిల్‌మన్ పక్కన చేరింది. మాటతీరు మారింది, పేరూ మారింది: లోర్నా హాన్సెన్ ఫోర్బ్స్. ఆ వేషం కట్టిన జోన్ క్రాఫర్డ్‌కి పేరు మార్చుకోవడం కొత్త కాదు. ఆమె అసలు పేరు లూసిల్ లెసూర్. కొత్త పేరు ఓ పత్రిక పెట్టిన పోటీలో తేలింది.

ప్రత్యర్థి నిక్ ప్రెంటా గుట్టు లాగమని కాజిల్‌మన్ ఆమెను ఎడారి ఊరికి పంపాడు. ఇన్నాళ్లూ అన్నీ లెక్కేసుకున్న మనిషి అక్కడ లెక్క తప్పింది. నిక్‌ని ప్రేమించింది. కాజిల్‌మన్ వచ్చి ఆమెను చావగొట్టాడు. నిక్ శవం ఎడారిలో దొరికింది. లోర్నాని కసాయిదంటారు. మార్టిన్ విషయంలో అది నిజమే, నాకు నిక్ కంటే అతని మీదే జాలి.

పారిపోయి ఆమె దాక్కున్నదెక్కడో తెలుసా? ఆ చమురు బావుల పక్కనే, అమ్మానాన్నల పాత ఇంట్లో. కాజిల్‌మన్ అక్కడికీ వచ్చి కాల్చాడు. మార్టిన్ అతన్ని చంపాడు. లోర్నా గాయాలతో బతికింది.

మళ్లీ ఈ ఊరు దాటాలని చూస్తుందంటావా అని చివర్లో వాకిట్లో ఒకడు అడుగుతాడు. నువ్వైతే చూడవా అంటాడు పక్కవాడు. ఆ ప్రశ్నకి మనలో చాలామందిమి ఎప్పుడో దుర్గ్ స్టేషన్లో రైలెక్కి జవాబిచ్చేశాం.