తెగులు మిగిల్చిన పెట్ట

పందెం పుంజుల కోసం మైదానంవాళ్లకు కుక్కుట శాస్త్రం ఉంది. డేగ, కాకి, నెమలి, పింగళ అంటూ ఒక్కో రంగుకూ ఒక్కో పేరుంది. ఆ పుంజును పొదిగిన పెట్ట గురించి, గంప కింద దాన్ని కాపాడిన మన అవ్వల గురించి ఎవరు రాశారు?

కొక్కెర తెగులు తెలియని గూడెం లేదు. ఎండాకాలంలో వస్తుంది. కోడి పచ్చగా పారుతుంది, మెడ వంకర తిరుగుతుంది, నాలుగు రోజుల్లో గూడు ఖాళీ. 1926లో ఇంగ్లండులోని న్యూకాసిల్‌లో, జావాలో దీన్ని గుర్తించారు. ఆ తర్వాత కొద్దికాలానికే రాణిఖేత్‌లో కనబడితే మన దేశంలో ఆ ఊరి పేరే దానికి నిలిచింది. టీకా మన దాకా రాకముందు, తెగులు పోయాక ఊళ్లో ఒకటో రెండో పెట్టలు మిగిలేవి. మళ్లీ మంద పెరిగింది వాటి గుడ్లతోనే.

1935లో అమెరికాలోని కోర్నెల్ విశ్వవిద్యాలయంలో హట్ అనే శాస్త్రవేత్త తెల్ల లెగ్‌హార్న్ కోళ్లతో మొదలుపెట్టిన పని కూడా ఇలాంటిదే. అక్కడి జబ్బు వేరు, ల్యూకోసిస్ అనే గడ్డల రోగం. పిల్లలను కావాలనే రోగం మధ్య పెంచి, ఏ కుటుంబంలో ఎక్కువ బతికాయో చూసి, వాటికే సంతానం కట్టారు. వాళ్లు లెక్క రాసుకున్నారు. మన అవ్వలు రోగాన్ని తట్టుకునే జాతి కోసమే ఎంచారని చెబితే అతిశయమవుతుంది. వాళ్లు చూసింది బాగా పొదిగే పెట్టను, పిల్లలను గద్ద నుంచి కాచే పెట్టను. ఏరివేత తెగులే చేసింది.

అయితే వాటా పద్ధతి మాత్రం తెలివిగా పెట్టుకున్నదే. ఒక పెట్టను పక్క ఊరి చుట్టాలకు ఇస్తాం, పెరిగిన పిల్లల్లో సగం మనకు వస్తాయి. మన ఊళ్లో తెగులు తుడిచిపెట్టినా ఆ సంతతి మరో ఊళ్లో బతికే ఉంటుంది.

ఇప్పుడు వనరాజా పిల్లలు పంచుతున్నారు. హైదరాబాదులో తయారైన జాతి, త్వరగా బరువెక్కుతుంది, గుడ్లూ ఎక్కువే. కానీ పొదిగే గుణం తక్కువ. పొదగని పెట్టను వాటాకు ఎవరు తీసుకుంటారు? ప్రతిసారీ పిల్లలను బయటి నుంచే తెచ్చుకోవాలి. టీకా వద్దని మేము అనడం లేదు. నాటుకోడికీ కొక్కెర తెగులు వస్తుంది, టీకా వేయించాల్సిందే.

ఈ మధ్య మేము ఒక అవ్వను అడిగాం, మీ పెట్ట ఎక్కడిదని. ఐదు తరాల పెట్టలను వరసగా చెప్పింది, ఏది ఏ ఊరికి వాటాకు వెళ్లిందో, ఏది తెగులు దాటిందో. మేము రాసుకున్నది సగమే.